పట్టుపురుగు ముక్కు

"పురుగుల మీద దగ్గకు" అన్నాడు భర్త.

అన్నవాడు చెడ్డవాడేమీ కాదు. కోపంగా కూడా అనలేదు. ఆకు తట్ట చంకన పెట్టుకుని పురుగుల గది గుమ్మం దాటబోతున్న పెళ్లానికి చెయ్యి అడ్డం పెట్టి, "బయట దగ్గేసి రా, తట్ట నేను పట్టుకుంటాలే" అని అందుకున్నాడు కూడా. ఆమె పెరటి వసారాలోకి వెళ్లి, స్తంభం పట్టుకుని, పేగులు నోట్లోకొచ్చేంతగా దగ్గి, కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కుని, తిరిగొచ్చి పట్టుపురుగులకి మల్బరీ ఆకు వేసింది. ఇందులో వింతేం లేదు, ఆ ఇంట్లో రోజూ జరిగే బాగోతమే. వింతల్లా ఏమిటంటే, ఆ రోజు ఆమెకి కోపం రాలేదు. అనుమానం వచ్చింది. నా దగ్గు వీటికెలా తగులుతుంది? అంటే వీటికీ ముక్కుందా? ఉంటే ఎక్కడుంది?

అనుమానాలు రావడం ఆమెకి కొత్త కాదు. కాపురానికొచ్చిన కొత్తలో, పొంగుతున్న పాల మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లితే ఎందుకు అణిగిపోతాయని మావగారిని అడిగింది. తడిబట్ట నీడలో కూడా ఎందుకు ఆరుతుందని అత్తగారిని అడిగింది. బస్సు అద్దం మీద ఆవిరి లోపలివైపు ఎందుకు పడుతుందని మొగుణ్ణి అడిగింది. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఆ వారంలోనే మావగారు ఆమెకి "ఎందుకమ్మ" అని పేరు పెట్టేశారు. "ఇదిగో ఎందుకమ్మా, టీ తే" అని ఆయన కేకేస్తే అందరూ నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వేది. టీ వెళ్లేది, జవాబు మాత్రం వచ్చేది కాదు.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఈ దగ్గు అర్థం కాదు. ఆమె వచ్చిన మరుసటి ఏడు పట్టుపురుగులు పెంచుదామని వంటింటి పక్క ఖాళీ జాగాలో గది కట్టారు. గదంటే గదా అది! అటూ ఇటూ మనిషంత కిటికీలు, వాటికి సన్నటి జాలీలు, పైన వేడిగాలి పోవడానికి చిమ్నీ. పురుగులకి గాలాడాలి, ఉక్కపోయకూడదు, పొగ అసలే తగలకూడదు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ వంటింటికున్న ఒక్క కిటికీ సరిగ్గా ఆ గదిలోకి తెరుచుకుంది. పొగంతా పురుగుల మీదికి పోతుందని దాన్ని ఇటుకలు పెట్టి మూసేశారు. "వీధివైపు గోడకి ఇంకోటి పెట్టించండి మావయ్యా" అని అడిగింది ఆమె. "దారినపోయే ప్రతివాడూ మన వంటింట్లోకి తొంగి చూస్తాడు, పరువేం కావాలి?" అన్నారాయన. హాల్లోకున్న తలుపు తీసి వండుదామంటే, పొగ ఆయనకి పడదు, పేపరు చదువుతుంటే కళ్లు మండుతాయి, అందుకని వంట చేసినంతసేపూ అది వేసుండాలి. ఇక మిగిలింది పెరటి వసారాలోకున్న తలుపు ఒక్కటే.

గ్యాస్ పొయ్యి మాట కూడా ఎత్తిచూసింది. పురుగులు ఆకు తినేశాక కట్టలు కట్టలుగా మల్బరీ పుల్లలు మిగులుతాయి కదా. "ఇంత వంటచెరుకు ఇంట్లో పెట్టుకుని గ్యాసెందుకు?" అన్నాడు భర్త. పచ్చి ఆరీ ఆరని పుల్లలు, అవి మండేదానికన్నా పొగ కక్కేదే ఎక్కువ. అందుకని ఆమె ఒక పద్ధతి అలవాటు చేసుకుంది. వసారాలో నిలబడి గుండెల నిండా గాలి పీల్చుకోవడం, ఊపిరి బిగబట్టి వంటింట్లోకి వెళ్లడం, మూత తీయడం, కలపడం, ఉప్పు వేయడం, పుల్ల ఎగదోయడం, గబగబా బయటికొచ్చి వదలడం. మళ్లీ పీల్చుకుని మళ్లీ లోపలికి. ఊపిరి పట్టినంతసేపట్లో ఏయే పనులవుతాయో ఆమె చేతులకి తెలిసిపోయింది. భర్త ఒకసారి చూసి పగలబడి నవ్వాడు. "వంటింట్లోకి వెళ్తున్నావా, చెరువులో మునుగుతున్నావా?" అన్నాడు. దగ్గు ఎక్కువైనప్పుడు డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లాడు. పొగకి దూరంగా ఉండాలని డాక్టరు అంటే "అలాగేనండీ" అని తనే ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చే దారిలో "ఈ పంట దిగనీ, చూద్దాం" అన్నాడు. ఆ పంట దిగింది. దాని తర్వాతదీ దిగింది. పట్టుపురుగుల పంటలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. చూడ్డమే కుదరలేదు. అత్తగారైతే "మేమూ వండాం ఈ వంటింట్లోనే, మాకేం కాలేదే" అనేది. అప్పుడు కిటికీ ఉంది అత్తయ్యా అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది.

సరే, ముక్కు దగ్గరికొద్దాం. "ఏవండీ, పురుగుకి ముక్కెక్కడుంటుంది?" అని అడిగింది ఆ మధ్యాహ్నం. "ఉంటుందిలే, చిన్నది, నీ కంటికి ఆనదు" అన్నాడు, అన్నం కలుపుకుంటూ. ఆనకపోతే ఆనేలా చేసుకోవచ్చు కదా! మావగారు కునుకు తీస్తున్నప్పుడు ఆయన పేపరు చదివే భూతద్దం తీసుకుని పురుగుల గదిలో కూర్చుంది. బాగా ఎదిగిన పురుగొకదాన్ని అరచేతిలో పెట్టుకుని తల చూసింది. నోరుంది, అటొకటి ఇటొకటి దవడలున్నాయి, చుక్కల్లాంటి కళ్లున్నాయి. ముక్కు లేదు. ఇంకోదాన్ని చూసింది, దానికీ లేదు. ఆకందిస్తే అంచు పట్టుకుని పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి, ఆపకుండా కొరుక్కుంటూ పోతోంది. ఆమెకి దాని మీద అసూయ కలిగింది. తను రెండు ముద్దలు తింటే మూడో ముద్దకి దగ్గు తెర వస్తుంది. ఇది ఇలా ఏకబిగిన తింటూ ఎప్పుడు ఊపిరి తీసుకుంటోంది?

గిన్నెలో నీళ్లు పోసుకొచ్చింది. పురుగుని నడుము దగ్గర పట్టుకుని తల మాత్రం నీళ్లలో ముంచింది. తన ఊపిరి కూడా బిగబట్టింది, ఎవరు ముందు ఓడిపోతారో చూద్దామని. ఆమే ఓడిపోయింది. పురుగు తోక ఊపుకుంటూ హాయిగా ఉంది, తీసి ఆకు మీద పెడితే ఏమీ జరగనట్టు మేతకి దిగింది. ఓహో అనుకుంది. ఇంకోదాన్ని తీసుకుని ఈసారి తల బయట పెట్టి ఒళ్లంతా ముంచింది. కాసేపు మెలికలు తిరిగింది, ఆ తర్వాత వాలిపోయింది. ఆమె గబగబా తీసి, చీర చెంగుతో అద్ది, కిటికీ దగ్గర పెట్టుకుని "లేవవే తల్లీ, లేవవే" అని బతిమాలింది. చాలాసేపటికి ముందు ఒక కాలు కదిలింది, తర్వాత తల లేచింది. అప్పుడే అత్తగారు గుమ్మంలోకొచ్చింది. "ఏంటే, పురుగుకి స్నానం చేయిస్తున్నావా?"

"అత్తయ్యా, ఇది ఒంటితో ఊపిరి పీలుస్తుంది!"

"పీలిస్తే పీల్చనీ. అంట్లు అలాగే ఉన్నాయి."

అంట్లు తోముతున్నంతసేపూ ఆమె మనసంతా అక్కడే ఉంది. తల కాదు, ఒళ్లు. ఒంట్లో ఎక్కడ? చర్మమంతానా, ఏదన్నా చోటుందా? పురుగు పక్కల్లో, అటూ ఇటూ, వరుసగా నల్లటి చుక్కలుంటాయి. ఇన్నేళ్లుగా రోజూ చూస్తూనే ఉంది, అవి అందానికి ఉన్నాయనుకుంది. తనని తనే తిట్టుకుంది, రోజూ చూసేదాన్ని చూడ్డం ఎప్పుడో మానేశాను కదా అని.

రెండు రోజుల తర్వాత పట్టు శాఖ నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. స్కూటరు మీద ఊళ్లు తిరిగి, ఎవరి పురుగులెలా ఉన్నాయో చూసి సలహాలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో అందరూ సిల్కు మేడమ్ అంటారు. పురుగులు చూసి, గది మెచ్చుకుని, ఆవిడ బయటికెళ్లబోతుంటే ఈమె వెనకాలే పడింది. "మేడమ్, ఆ నల్ల చుక్కలేనా వీటి ముక్కులు?"

సిల్కు మేడమ్ ఆగిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"పురుగే చెప్పింది. ముంచి చూశాను."

ఆవిడ మొహం విప్పారింది. సంచీ కింద పెట్టి, చిన్న కటకం తీసి, ఈమెని పక్కన కూర్చోబెట్టుకుంది. "అవి ముక్కులంటే ముక్కులు, తలుపులంటే తలుపులు. ఒక్కో పక్క తొమ్మిదుంటాయి. తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. లోపల గొట్టాలు, గొట్టాల్లోంచి పిల్ల గొట్టాలు, వాటిలోంచి వెంట్రుకలకన్నా సన్నవి. మనకైతే ఊపిరితిత్తులు గాలి తీసుకుంటే రక్తం దాన్ని మోసుకెళ్లి ఒళ్లంతా పంచాలి. వీటి రక్తానికి ఆ చాకిరీ లేదు. గాలే నేరుగా ప్రతి కండ గుమ్మం దాకా వెళ్తుంది, చెడ్డ గాలి ఆ దారుల్లోనే బయటికొస్తుంది."

"అందుకేనా తలకి నూనె రాసుకుని, ఆ చేతుల్తో వీటిని ముట్టుకోవద్దంటారు అత్తయ్య?"

"అందుకే. నూనె చుక్క పడితే ఆ తలుపులు పూడుకుపోతాయి."

"మరి పొగొస్తే మూసుకుంటాయి కదా, ఇంకేం భయం?"

"మూసుకుంటాయి. కానీ ఎంతసేపు? మూసుకుంటే పొగా రాదు, గాలీ రాదు. లోపలున్నది అయిపోయాక బయట పొగున్నా సరే, ఏమున్నా సరే, తెరవక తప్పదు."

"మూసుకున్నంతసేపూ వాటికి ఆయాసంగా ఉంటుందా మేడమ్?"

సిల్కు మేడమ్ నవ్వేసింది. "తెలీదమ్మా. పురుగునెవరడిగారు?" వెళ్తూ వెళ్తూ, చచ్చిన పురుగు దొరికితే నీళ్లలో పెట్టి కోసి చూడమని, గాలి నిండిన గొట్టాలు నీళ్లలో మెరుస్తాయని చెప్పింది.

తట్టల మధ్య నలిగి చచ్చిందొకటి మర్నాడే దొరికింది. సాసర్లో నీళ్లు పోసి, బ్లేడుతో పైపైన కోసి, గుండుసూదులతో విప్పి భూతద్దం పెట్టింది. వెండి! ఒక్కో నల్ల చుక్క దగ్గర నుంచీ వెండి తీగల కుచ్చు బయల్దేరి, చీలి, మళ్లీ చీలి, పేగు చుట్టూ, కాళ్లలోకి, తల్లోకి, ఎక్కడికంటే అక్కడికి వెళ్లింది. కళ్లకి ఆనని చోటికి కూడా వెళ్తూనే ఉన్నట్టుంది. ఇంత చిన్న ఒంట్లో గాలి అందని మూల లేదు. దేన్నీ ఎవరూ మొయ్యక్కర్లేదు. మరి తనో? మావగారికి టీ, అత్తగారికి మాత్రలు, మొగుడికి వేణ్ణీళ్లు, పురుగులకి ఆకు, ఎవరి గుమ్మం దాకా వాళ్లకి మోసుకెళ్లి ఇచ్చి, ఉత్త చేతుల్తో తిరిగొచ్చి మళ్లీ మొయ్యడం. ఈ ఇంట్లో రక్తం పని నాదన్నమాట అనుకుంది. అనుకుని ఒక్కతే నవ్వుకుంది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే సాసర్లో నీళ్లు కదిలాయి, తీగలు తళుక్కుమన్నాయి.

ఆ సాయంత్రం కబురు తెలిసింది. గది బాగుందని మేడమ్ మెచ్చుకునేసరికి భర్తకి ఉత్సాహం పుట్టుకొచ్చింది. "పెరటి వసారా కూడా పురుగుల గదిలో కలిపేద్దాం నాన్నా. ఇంకో నాలుగు వరసల తట్టలు పడతాయి. మేస్త్రికి చెప్పేశాను" అన్నాడు. ఆమె అప్పుడే టీ కప్పులు తెచ్చింది.

"మరి వంటింటి తలుపో?"

"ఇటుకలు పెట్టేస్తాం. లేకపోతే పొగంతా పురుగులకే కదా. హాల్లోకి తలుపుందిగా నీకు."

"వంటప్పుడు అది మూసుండాలిగా."

"అబ్బా, వంటెంతసేపు? ఊపిరి బిగబట్టడంలో నీ అంత ఘనులెవరున్నారు!" అన్నాడు ముచ్చటగా. మావగారు "ఎందుకమ్మకి ఇంకో ఎందుకు దొరికింది" అన్నారు. నవ్వులు. ఈసారి ఆమె నవ్వలేదు. ఆ విషయం ఎవరూ చూడలేదు.

ఆ వారంలోనే పురుగులకి జ్వరం వచ్చింది. జ్వరమంటే నిజం జ్వరం కాదు. పాత చర్మం విడిచే ముందు అవి మేత మానేసి, తలెత్తి, కదలకుండా ఉండిపోతాయి, దాన్ని ఇంట్లో అలా అంటారు. జ్వరంలో ఉన్నవాటిని కదిలించకూడదు. ఇల్లంతా మునివేళ్ల మీద నడుస్తుంది, మావగారు రేడియో కట్టేస్తారు, తలుపు చప్పుడైతే మొగుడు పళ్లు నూరుతాడు. కిందటేడు తనకి ఒళ్లు పేలిపోయే జ్వరమొచ్చినప్పుడు, "మాత్ర వేసుకుని ఆ వంట కానిచ్చెయ్" అన్న గొంతు కూడా అదే. ఆమె చప్పుడు చెయ్యకుండా తట్ట పక్కన కూర్చుంది. ఒక పురుగు ముందు తల దగ్గర చర్మం చీల్చుకుని, మెల్లిగా ముడతలు ముడతలుగా వెనక్కి జారుస్తూ బయటికొచ్చింది. విడిచిన చర్మాన్ని భూతద్దంలో చూస్తే, నల్ల చుక్కలున్న చోట లోపలివైపు సన్నటి పోగులు వేలాడుతున్నాయి. గొట్టాల లోపలి పొర! పైచర్మంతో పాటు గాలి దారుల తొడుగులు కూడా లాగి పారేసిందన్నమాట. పెరిగిన ఒంటికి పాత దారులు చాలవు, పెద్దవి కావాలి. అది ఎవర్నీ అడగలేదు. ఈ పంట దిగాక చూద్దాం అని ఎవరూ దానికి చెప్పలేదు.

ఆమెకి భయం వేసింది, నిజంగానే. ఆ వెనక తలుపు మూసేశాక ఊపిరి బిగబట్టి లోపలికైతే వెళ్తుంది, ఎక్కడికొచ్చి వదుల్తుంది? తెరవక తప్పదన్న మేడమ్ మాట గుర్తొచ్చింది. ఒకరోజు ఆ పొగలోనే తనూ గుండెలు తెరుస్తుంది, మర్నాడూ తెరుస్తుంది, కొన్నాళ్లకి ఈ దగ్గు తనని తీసుకుపోతుంది. అప్పుడు కూడా వీళ్లు ఏడుస్తారు, మంచివాళ్లే కదా, నిజంగానే ఏడుస్తారు. ఆ ఊహకి ఆమెకి ఒళ్లు మండింది.

మర్నాడు ఆమె ఒక పచ్చిపుల్ల అంటించి ఇంటి చుట్టూ తిరిగింది. పెరట్లో పట్టుకుని చూసింది, పక్కసందులో చూసింది, వీధి వరండాలో చూసింది. పొద్దున్నపూట ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. "ఏం చేస్తున్నావే?" అంది అత్తగారు. "గాలి ఎటు పోతోందో చూస్తున్నానత్తయ్యా." అత్తగారు నుదురు కొట్టుకుని లోపలికెళ్లిపోయింది.

మేస్త్రి వస్తానన్న రోజు పొద్దున్నే ఆమె వంటింట్లో ఇనప పొయ్యిని రెండు చేతులా ఎత్తుకుని, హాలు మధ్యగా నడిచి, వీధి వరండాలో దించింది. పుల్లలు తెచ్చింది, గిన్నెలు తెచ్చింది, పీట వేసుకుంది, అంటించింది. పొగ లేచి, ఒక క్షణం తటపటాయించి, తిన్నగా హాల్లోకి దారి పట్టింది. లోపల మావగారి పేపరు గలగలలాడింది. దగ్గు వినపడింది. భర్త పళ్లు తోముకుంటున్న బ్రష్షు నోట్లో ఉండగానే పరిగెత్తుకొచ్చాడు.

"పిచ్చి పట్టిందా నీకు? పొగ! పురుగులు!"

"పురుగులకేం కాదు. చూశాను. గాలి వాటివైపు లేదు."

"మరెటుంది?"

"మీవైపు."

మావగారు కళ్లు నులుముకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "వీధిలో పొయ్యేంటమ్మా? దారినపోయేవాళ్లంతా చూస్తున్నారు!" అన్నారు. నిజమే, ఎదురింటావిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సైకిలు మీద పోతున్నాయన కాలు కింద పెట్టి మరీ చూస్తున్నాడు.

"చూడనివ్వండి మావయ్యా. కిటికీలోంచైతే తొంగి చూడాలి, ఇక్కడైతే వాళ్లకా శ్రమ కూడా లేదు" అంది ఆమె, కూర కలుపుతూ. ఊపిరి బిగబట్టకుండా కలిపింది. ఆరుబయట గాలి చల్లగా గుండెల్లోకి పోతోంది, అది ఎంత దూరం పోతోందో అని ఒక్క క్షణం కళ్లు మూసుకుని గమనించింది. "ఇకమీదట వంట ఇక్కడే. లేదంటే వీధివైపు గోడకి కిటికీ పెట్టించండి, లోపల వండుతాను. వసారా మూసుకుంటే మూసుకోండి, నాకేం అభ్యంతరం లేదు."

"ఈ పంట దిగాక..." అని మొదలెట్టాడు భర్త. పొగ మొహాన కొట్టింది. మిగతా మాట దగ్గులో పోయింది.

అత్తగారు అప్పుడొచ్చింది. కోడల్ని చూసింది, పొయ్యిని చూసింది, గుమ్మంలో కళ్లనీళ్లు కారుస్తున్న తన మొగుణ్ణి చూసింది. కూరగాయల బుట్ట పట్టుకొచ్చి, వరండా మెట్టు మీద కోడలి పక్కన కూర్చుని, కత్తిపీట ముందుకు లాక్కుంది. "కాసేపు దగ్గండి, ఏం కాదు" అంది మొగుడితో. "ఇది ఇన్నేళ్ల నుంచీ దగ్గుతోంది."

సరిగ్గా అప్పుడే మేస్త్రి దిగాడు, తాపీ, సుత్తి, ఇటుకల బండి వేసుకుని. పురుగుల గది కట్టిందీ అతనే. వీధిలో పొయ్యిని, మూగిన జనాన్ని, ఎర్రబడ్డ కళ్లని చూసి తలగోక్కున్నాడు. "ఇంతకీ సార్, గోడ మూసేదా, తెరిచేదా?"

భర్త ఎదురింటావిడ వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. "ఆ వీధిగోడకి ఏదో చిన్న కిటికీ పెట్టు ముందు. పొగ పోతే చాలు" అన్నాడు, గొంతు తగ్గించి.

మేస్త్రి ఈ ఇంట్లో చాలాసార్లు పని చేసినవాడు. టేపు చేతిలోకి తీసుకుని, సారు వైపు కాకుండా పొయ్యి వైపు తిరిగాడు.

"చిన్నదంటే ఎంతమ్మా?"

ఆమె కూర దించి, చేతులు తుడుచుకుని లేచింది.

"పురుగుల గదికి ఎంత పెట్టావో అంత."